తాళం మీదే, గది మీది కాదు: హాస్టల్ అలాట్‌మెంట్ అపోహలు – వాస్తవాలు

జూలై మొదటి వారం వచ్చిందంటే మా ఆఫీసు వరండాలో ట్రంకు పెట్టెలు దిగుతాయి. పెట్టె మీద పరుపు చుట్ట, పక్కన బకెట్, బకెట్లో స్టీలు గ్లాసు, ఎక్స్‌టెన్షన్ బోర్డు. పెట్టె అంచున కూర్చుని, గొంతు తగ్గించి ఇంటికి ఫోన్ చేస్తూ ఒక అమ్మాయో అబ్బాయో. వాళ్లు నోరు విప్పకముందే నాకు సంగతి తెలిసిపోతుంది. "సార్, నా రూములో వేరేవాళ్లు ఉన్నారు."

యూనివర్సిటీ హాస్టల్ ఆఫీసులో నాకు ఇది 19వ ఏడు. జూనియర్ అసిస్టెంటుగా చేరి, ఇప్పుడు సూపరింటెండెంటుగా అదే కిటికీ వెనక కూర్చుంటున్నాను. ఈ మాట వినకుండా ఒక్క జూలై కూడా గడవలేదు. ఇంకో పది రోజుల్లో రెన్యువల్ నోటీసు, అంటే వచ్చే ఏడాదికి హాస్టల్ సీటు కొనసాగించుకోవడానికి ఇచ్చే నోటీసు, పెడుతున్నాం కాబట్టి ఈసారైనా ముందే చెబుదామని రాస్తున్నాను. నేను చెప్పేది మా దగ్గరి పద్ధతి. మీ యూనివర్సిటీలో తేదీలు, ఫారాల పేర్లు వేరుగా ఉండొచ్చు. మీ నోటీసు మీరు చదువుకోండి.

అపోహ: తాళం వేసి వెళ్తే వచ్చే ఏడాదీ ఆ గది మనదే

కాదు. ఇంకోసారి చెబుతున్నా, కాదు. ఏటా ఎక్కువమంది నష్టపోయేది దీనివల్లే, అందుకే దీని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

మీకు మొదటి ఏడాది ఇచ్చిన అలాట్‌మెంట్ ఆర్డరు ఒకసారి తీసి చూడండి. "ఈ విద్యా సంవత్సరానికి మాత్రమే" అని ఉంటుంది. హాస్టల్ గది అద్దె ఇల్లు కాదు. చట్టం భాషలో అది లైసెన్స్, అంటే ఫలానా కాలం ఫలానా చోట ఉండటానికి ఇచ్చిన అనుమతి. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 52వ సెక్షన్‌లో దీని నిర్వచనం ఉంది. కాలం తీరాక అనుమతీ తీరుతుంది. తలుపుకు వేలాడే తాళం మీరు బజార్లో కొన్నది, అది మీదే. తలుపు కాదు.

మేలో పరీక్షలు అయిపోగానే మెస్ మూస్తాం. ఆ తర్వాత సున్నాలు, వైరింగు, విరిగిన మంచాలకు వెల్డింగు. ఇవన్నీ అయ్యేలోపు కొత్త లిస్టు తయారవుతుంది. మీ పేరు రెన్యువల్‌లో లేకపోతే కంప్యూటరు దృష్టిలో మీ మంచం ఖాళీ. ఒక బ్లాకు మొత్తం ఫస్టియర్‌కు మారిందంటే ఇక ఎవరు ఎంత బతిమాలినా లాభం లేదు. యూజీసీ 2009లో తెచ్చిన ర్యాగింగ్ నిరోధక నిబంధనల ప్రకారం కొత్తవాళ్లను వీలైనంతవరకు సీనియర్ల నుంచి వేరుగా ఉంచాలి. ఆ బ్లాకులో మూడేళ్లు ఉన్నా, గోడకు మేకు మీరే కొట్టుకున్నా, ఖాళీ చేయాల్సిందే.

తాళం ఎలా తీస్తామో కూడా చెబుతాను, చాలామందికి అనుమానం కదా. కేర్‌టేకర్, సెక్యూరిటీ గార్డు, ఒక స్టూడెంట్ ప్రతినిధి, ముగ్గురూ నిలబడి ఉండగా రంపపు బ్లేడుతో కోస్తారు. లోపలున్నవన్నీ ఒక్కొక్కటే చదువుతుంటే నేను రాస్తాను. ప్లాస్టిక్ బకెట్ 1, మగ్గు 1, పరుపు 1, దేవుడి పటం 1, గ్రూప్–2 పుస్తకాలు 14, ఎలక్ట్రిక్ కుక్కర్ 1 (పక్కన ఎర్ర సిరాతో "నిషేధం"). కిందటేడాది ఒక గదిలో సగం ఆవకాయ సీసా దొరికింది. మూత తీయగానే గార్డు "సార్, ఇది కూడా రాయాలా" అన్నాడు. రాశాం. అన్నీ మూటగట్టి స్టోర్‌రూములో పడేస్తాం. ఆవకాయ మాత్రం జూలై దాకా ఆగలేదు, దాని బాధ్యత నాది కాదు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ రెన్యువల్ చేయకుండా తాళం వేసి వెళ్లేవాళ్లందరూ బద్ధకంతో అలా చేయరు. సగంమంది నోడ్యూస్, అంటే బకాయి లేదనే కాగితం, రాక అలా చేస్తారు.

మా దగ్గర రెన్యువల్‌కు మెస్ బకాయి ఉండకూడదు. డివైడింగ్ సిస్టం (నెల మొత్తం ఖర్చును తిన్నవాళ్లందరికీ పంచడం) కాబట్టి నెల బిల్లు ఎంతొస్తుందో ముందు తెలియదు. స్కాలర్‌షిప్ మీద ఆధారపడ్డ పిల్లలకు ఎంటీఎఫ్ (స్కాలర్‌షిప్‌లో మెయింటెనెన్స్ ఖర్చుల భాగం) ఎప్పుడు పడుతుందో అసలే తెలియదు. "స్కాలర్‌షిప్ పడ్డాక కడదాం" అని అక్టోబరులో అనుకుంటారు, జనవరిలోనూ అదే అనుకుంటారు. ఏప్రిల్‌కు అది కొండంత అవుతుంది. ఇక ఆఫీసు వైపు రారు. నన్ను క్యాంపస్‌లో చూస్తే పక్క సందులోకి తిరిగిపోతారు.

కొన్నేళ్ల కిందట ఉట్నూరు దగ్గరి ఊరి నుంచి వచ్చిన ఒక అమ్మాయి, ఎమ్మెస్సీ. బకాయి 11,400. ఎవరో సీనియర్ "తాళమేసి పో, ఎవరు తీస్తారు" అని చెప్పిందట. పోయింది. జూలైలో తండ్రితో కలిసి వచ్చింది. తండ్రి మెడలో తువ్వాలు, చేతిలో సంచి. కిటికీ ముందు నిలబడి ఒక్కమాట కూడా మాట్లాడలేదు. బిడ్డే మాట్లాడింది. అప్పటికి ఆ మంచం వేరే అమ్మాయికి వెళ్లిపోయింది. వెయిటింగ్ లిస్టులో పెట్టాం. గది దొరికేసరికి తొమ్మిది వారాలు. ఆ తొమ్మిది వారాలూ గేటు బయట ప్రైవేటు హాస్టల్లో ఉంది. నెలకు 5,500, అడ్వాన్సు 3,000, అందులో వెనక్కి వచ్చింది సగమే. లెక్క వేసుకోండి, పాత బకాయి కంటే ఎక్కువే అయింది. పాత బకాయి అలాగే ఉంది.

ఆ అమ్మాయికి తెలియనిది ఒక్కటే. కట్టలేనివాళ్ల కోసం మా దగ్గర అండర్‌టేకింగ్ ఫారం ఉంది. సగం కట్టి, మిగతాది ఫలానా తేదీలోపు కడతానని రాసి, హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) సంతకంతో ఇస్తే రెన్యువల్‌లో పేరు ఎక్కుతుంది. సగం కూడా లేకపోతే వార్డెన్‌ను కలవాలి. అది కష్టమే, కానీ దారి ఉంది. ఇదంతా చివరి తేదీలోపు. తేదీ దాటితే ఆ ఫారంతో పని లేదు. ఇది నోటీసులో ఏడో పాయింటుగా రాస్తాం. ఏడో పాయింటు దాకా ఎవరూ చదవరు. ఈసారి మొదటి పాయింటుగా పెట్టమని నోట్ పెట్టాను, చూడాలి.

బకాయి ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఇదే: ముందుగా రండి. సిగ్గుపడకండి. మా రిజిస్టరులో బకాయిల పేజీలు చూస్తే మీరొక్కరే కాదని తెలుస్తుంది. నేను కసురుకుంటానని భయం కావచ్చు. నిజమే, మధ్యాహ్నం మూడు తర్వాత కసురుకుంటాను. పొద్దున రండి.

నా కథ కూడా చెప్పాలి. పీజీలో నేను రెండేళ్లు నాన్‌బోర్డర్‌ని, సీటు లేకుండా వేరేవాళ్ల గదిలో సర్దుకునేవాణ్ని. అంటే ఏమిటో యూనివర్సిటీలో చదివినవాళ్లకు చెప్పనక్కర్లేదు. మూడు మంచాల గదిలో ఏడుగురం. నా చోటు రెండు మంచాల మధ్య, కిటికీ కింద. వాన పడితే చాప మడిచి కూర్చోవడమే. తనిఖీ అంటే డాబా మీద నీళ్ల ట్యాంకు వెనక దాక్కునేవాళ్లం. దానికి కారణం సీట్లు లేకపోవడం కాదు. అప్లికేషన్ ఆఖరు తేదీ శుక్రవారం అయితే నేను సోమవారం వెళ్లాను. కిటికీ వెనకున్నాయన తలెత్తకుండానే "డేట్ అయిపోయింది" అన్నాడు. ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చుని ఆ మాట అనేది నేనే. తలెత్తి అంటున్నాను, అంతే తేడా.

అపోహ: రాత్రి 12కి పోర్టల్ తెరవగానే నొక్కినవాళ్లకే మంచి గదులు

మా దగ్గర పోర్టల్ అయిదు రోజులు తెరిచి ఉంటుంది. మొదటి నిమిషంలో నొక్కినా, అయిదో రోజు సాయంత్రం నొక్కినా ఒక్కటే. గదులు ఇచ్చే వరస వేరే: ముందు పీహెచ్‌డీ, తర్వాత పీజీ ఫైనలియర్, ఆ తర్వాత మిగతావాళ్లు. ఒకే వరసలో ఉన్నవాళ్లకు మార్కులు, అవీ సమానమైతే డ్రా. అర్ధరాత్రి అందరూ ఒక్కసారి పడితే సర్వరు పడుకుంటుంది, తెల్లారి నాకు 40 ఫోన్లు. ముందొచ్చినవాళ్లకే గది ఇచ్చే సంస్థలూ ఉన్నాయి, అక్కడ చదివేవాళ్లు అలారం పెట్టుకోండి.

అమెరికాలో డిగ్రీ చదివే మా అన్న కూతురికి లాటరీ నంబరు ఇస్తారట, నంబరు వరసలో గది ఎంచుకోవాలి. అక్కడ వచ్చే ఏడాది గది సంగతి చాలాచోట్ల స్ప్రింగ్ సెమిస్టరులోనే (జనవరి–మే) తేలిపోతుంది. సంతకం పెట్టాక మధ్యలో మానేస్తే డబ్బు కట్టాలి. "బాబాయ్, మీ దగ్గరే నయం" అంది. నేను ఒప్పుకోలేదు.

అపోహ: ముగ్గురం కలిసి పెట్టుకుంటే ఒకడు ఫారం నింపితే చాలు

గ్రూపు లీడరు పేర్లు ఎక్కిస్తాడు, నిజమే. తర్వాత మిగతా ఇద్దరి ఫోన్లకు ఓటీపీ వస్తుంది. అది కొట్టకపోతే మీరు ఆ గ్రూపులో లేనట్టే. ఊళ్లో సిగ్నల్ లేదనో, నంబరు మార్చాననో తర్వాత చెబితే నేనేం చేయను? ఇంకోటి, ముగ్గురిలో ఒకరికి బకాయి ఉంటే ఆ పేరు ఎగిరిపోతుంది, ఆ మంచంలోకి మేం ఎవరినైనా వేస్తాం. స్నేహితుడికి బకాయి ఉందా లేదా అని అడగడానికి మొహమాటపడి, తర్వాత ముక్కూమొహం తెలియనివాడితో ఏడాదంతా గడిపినవాళ్లను చూశాను. అందులో ఒక జత ఇప్పుడు కలిసి కోచింగ్ సెంటరు నడుపుతోంది, అది వేరే సంగతి.

యాంటీ ర్యాగింగ్ అఫిడవిట్ సంగతీ ఇంతే. మొదటి ఏడాది ఇచ్చాం కదా అంటారు. విద్యార్థి ఒకటి, తల్లిదండ్రులు ఒకటి, ఏటా ఇవ్వాలి. అది లేక ఆగిపోయిన ఫారాలు నా బల్ల మీద ఎప్పుడూ ఉంటాయి.

అపోహ: సిఫారసు లెటర్ తెస్తే గది వస్తుంది

పేషీ నుంచి వచ్చిన లెటర్లకు మా దగ్గర ఒక ఫైలు ఉంది. బాగా లావైంది. లిస్టు అయిపోయాక మిగిలిన మంచాలేవైనా ఉంటే వెయిటింగ్ లిస్టు వరసలో ఇస్తాం. లెటర్ కోసం మూడు రోజులు హైదరాబాద్‌లో తిరిగి, ఈలోపు ఫారం తేదీ దాటించుకున్నవాళ్లు ఏటా ఒకరిద్దరు ఉంటారు. ఇంతకంటే ఘోరం, "నా మంచం నీకు రాసిస్తా, 10,000 ఇవ్వు" అనే సీనియర్లు. మంచం వాళ్ల పేరున రాసిపెట్టి లేదు, ఇక మీకేం రాసిస్తారు? ఆ డబ్బు పోతే ఫిర్యాదు చేయడానికి కూడా మొహం ఉండదు. దివ్యాంగులకు గ్రౌండ్ ఫ్లోర్ కావాలంటే ఏ లెటరూ అక్కర్లేదు, యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) జత చేస్తే చాలు.

మిగతావి గబగబా. టాప్ ఫ్లోర్ వద్దంటారు. ఎండాకాలం నిప్పులగుండమే, కానీ దోమలు తక్కువ, పైగా ఏప్రిల్ దాకా గాలి మహారాజులా వస్తుంది. బాత్రూము పక్క గది వద్దంటారు. పొద్దున్నే బకెట్ పట్టుకుని క్యూలో ముందు నిలబడేది ఆ గదివాళ్లే. వాస్తు గురించి అడిగేవాళ్లకు ఒక్కటే చెబుతాను: అన్ని గదులకూ గుమ్మాలు కారిడార్ వైపే. హాస్టల్ ఫీజు మీద జీఎస్టీ పడుతుందట కదా అని వాట్సాప్‌లో అడిగినవాళ్లకు: సంస్థ తన విద్యార్థులకు తానే నడిపే హాస్టల్ మీద పడదు. బయటి హాస్టళ్లలోనూ, నెలకు 20,000 లోపు ఉండి కనీసం 90 రోజులు వరసగా ఉంటే మినహాయింపు ఉందని 2024లో జీఎస్టీ కౌన్సిల్ తేల్చింది. ఎవరైనా మీ బిల్లులో వేస్తే అడగండి.

నోటీసు సోమవారం పెడతాం. మెస్ గోడ మీద ఒకటి, పోర్టల్‌లో ఒకటి. కిందటేడాది మెస్ గోడ మీద పెట్టినదాన్ని మూడో రోజుకే ఎవరో చింపి చపాతీలు చుట్టుకున్నారు, అందుకని ఈసారి లామినేషన్ చేయిస్తున్నాను. స్టోర్‌రూములో ఇంకా ఆరు మూటలు ఉన్నాయి. ఒకదాని మీద "309, గ్రూప్–2 పుస్తకాలు" అని నా చేతిరాత. ఆ పిల్లాడు ఇది చదువుతుంటే పొద్దున్నే వచ్చి తీసుకెళ్లమనండి.