అపోహలు - వాస్తవాలు: పాటిదిబ్బలో ఏముంటుంది?

పోయిన వేసవిలో ఒకరోజు రాత్రి పదకొండింటికి ఫోన్ మోగింది. "సారూ, మా చెలక చదును చేయిస్తుంటే జేసీబీకి కుండలు తగిలినయ్. లోపల బూడిద, బొక్కలు. ఏం జెయ్యాలె?" ఏదీ కదపకండి, పొద్దున్నే బయల్దేరతానన్నాను. నాకిక నిద్ర పట్టలేదు. తెల్లారి నేను వెళ్లేసరికి గుంత పూడ్చేసి, పైన ట్రాక్టర్ కూడా తోలేశారు. రాత్రికి రాత్రే రెండు మాటలు ఊరు చుట్టేశాయి. "కుండల అడుగున బంగారం ఉంటది" అన్నది ఒకటి. దాంతో నలుగురు కుర్రాళ్లు టార్చిలైట్లతో వచ్చి కెలికారు. "సర్కారోళ్లు చూస్తే భూమి పోతది" అన్నది రెండోది. దాంతో ఆ రైతు కొడుకు మిగిలినవన్నీ పగలగొట్టి చెరువు కట్ట అవతల పోసి వచ్చాడు.

ఇరవై రెండేళ్లుగా పురావస్తు తవ్వకాల పనిలో ఉన్నాను. ఎక్కడ ట్రెంచ్ (తవ్వకపు గుంత) వేసినా గట్టు మీద నిలబడి చూసేవాళ్లు అడిగేవి ఈ రెండే. "బంగారం దొరికిందా సార్?" "మా భూమికి ఏమన్నా అవుతుందా సార్?" మొదటిదానికి నాకు చిరాకు వస్తుంది, దాచుకోను. రెండోది అడిగేవాళ్ల ముఖం చూస్తే జాలేస్తుంది.

అపోహ: పాత దిబ్బ కింద లంకె బిందెలు ఉంటాయి.

అసలు దిబ్బ ఎలా ఏర్పడుతుందో చూడండి. మట్టి ఇల్లు కొన్ని పదుల ఏళ్లు నిలుస్తుంది. తర్వాత కూలుతుంది. కూలిన గోడల్ని అక్కడే చదును చేసి, దాని మీదే ఇంకో ఇల్లు కడతారు. పొయ్యి బూడిద, పేడ, పగిలిన కుండ, తిని పారేసిన ఎముక అంతా అక్కడే పడుతుంది. ఇలా వందల ఏళ్లు సాగితే ఊరే ఎత్తుగా లేస్తుంది. ఇరాక్, సిరియాల్లో దాన్ని టెల్ అంటారు, టర్కీలో హొయుక్ అంటారు, మనం పాటిదిబ్బ అంటాం. టర్కీలోని చాతల్‌హొయుక్‌లో 9 వేల ఏళ్ల కిందటి రైతుల ఇళ్లు ఒకదాని మీద ఒకటిగా 18 పొరల్లో దొరికాయి. అంటే దిబ్బను ఎవరూ పనిగట్టుకుని పూడ్చిపెట్టలేదు. అది తరతరాల చెత్త. మనం అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు బీరువాలో నగలు వదిలేసి, పగిలిన బకెట్ పట్టుకుపోతామా? వాళ్లూ అంతే. విలువైనవి పట్టుకుపోయారు, పగిలినవి వదిలేశారు.

మరి రాకాసి గుళ్లు, బండరాళ్ల సమాధుల సంగతి? వాటిలో పనిగట్టుకుని పెట్టిన వస్తువులు ఉంటాయి, నిజమే. నలుపు-ఎరుపు కుండలు, ఇనుప కత్తులు, గొడ్డళ్లు, కొన్ని పూసలు, ఎముకలు. బంగారం చాలా అరుదు. తమిళనాడులోని ఆదిచ్చనల్లూరులో నుదుటికి కట్టుకునే బంగారు పట్టీలు దొరికాయి. అవి కూడా రేకుల్లాంటివే, బిందెలు కాదు. ఇన్నేళ్లలో నా ట్రెంచ్‌లలో దొరికిన బంగారమంతా కలిపితే ఒక ముక్కుపుడకకు చాలదు. ఆశపడి తవ్వినవాళ్లకు దక్కేది తుప్పు పట్టిన ఇనుము, పోలీసు కేసు, ఒక్కోసారి గోతిలో మట్టిపెళ్లలు విరిగిపడి చావు.

దీనికి తమ్ముడు రైస్ పుల్లింగ్ చెంబు. పిడుగు పడిన రాగి చెంబు బియ్యాన్ని లాగుతుందట, అందులో ఇరిడియం అనే అరుదైన లోహం ఉందట, నాసావాళ్లు కోట్లిచ్చి కొంటారట! మా దగ్గరి బంధువు ఒకాయన కూతురి పెళ్లికి దాచిన మూడు లక్షలు అందులో పోశాడు. పోశాక నన్ను అడిగాడు. "ముందే అడగొచ్చు కదా బావా" అంటే, "నువ్వు గవర్నమెంటోడివి, నిజం చెప్పవనుకున్నా" అన్నాడు. బియ్యంలో ఇనుప రజను, చెంబులో అయస్కాంతం. అంతకుమించి అందులో ఏమీ లేదు.

నిధి పిచ్చి చదువుకున్నవాళ్లను కూడా వదలదు. గ్రీకు కవి హోమర్ తన యుద్ధ కావ్యంలో చెప్పిన ట్రాయ్ నగరం కోసం 1871 నుంచి టర్కీలోని హిసార్లిక్ దిబ్బను తవ్వించిన హైన్రిచ్ ష్లీమన్ బాగా డబ్బున్న వ్యాపారి. పై పొరల్ని అడ్డంగా కోసుకుంటూ అడుగుకి దిగాడు. 1873లో బంగారం దొరికింది. ఆ కావ్యంలోని ట్రాయ్ రాజు ప్రియమ్ నిధి దొరికిందని లోకమంతా చాటాడు. తీరా చూస్తే ఆ బంగారం ట్రాయ్ యుద్ధం జరిగిందనుకునే కాలానికి వెయ్యేళ్లకు పైగా ముందుది. మధ్యలో అతను తవ్వి పారబోసిన మట్టిలోనే, తాను వెతుకుతున్న కాలపు నగరం చాలావరకు పోయింది. కుర్ర సూపర్‌వైజర్లు వస్తే మొదటిరోజు ఈ కథే చెప్తాను.

ఇంతకీ మేం వెతికేదేమిటి? ఏది దేని కింద ఉంది, ఏది దేని పక్కన ఉంది అన్నది. తాపీతో ఒక్కో పొర గీకుతూ, మట్టి రంగు మారినచోట ఆగి, గీసుకుని, ఫోటో తీసుకుని, అప్పుడు కిందికి దిగుతాం. వస్తువు ఉన్నచోటి నుంచి కదిలాక మ్యూజియంలో బొమ్మలా పనికొస్తుందేమో గానీ, సాక్ష్యంగా సగం చచ్చినట్టే.

ఇరాక్‌లోని ఉరుక్ సంగతి చూడండి. ప్రపంచంలో మొదటి పెద్ద నగరాల్లో అదొకటి. అక్కడ, ఆ కాలపు మిగతా ఊళ్లలో, వేలకొద్దీ దొరికేవి అచ్చుతో చేసిన మోటు మట్టి గిన్నెలు. అంచు ఏటవాలుగా కోసినట్టుంటుంది. అందం లేదు, నగిషీ లేదు. నిధుల వేటగాడు కాలితో తన్నేసే రకం. పనివాళ్లకు కూలి కింద ధాన్యం కొలిచి ఇవ్వడానికే అవి వాడారని చాలామంది పండితుల అభిప్రాయం. గిన్నె ఒకే కొలత, గిన్నెలు వేలు. అంటే ఎవరో పంట పోగు చేస్తున్నారు, ఎవరో పని చేయిస్తున్నారు, ఇంకెవరో లెక్క రాస్తున్నారు. క్రీస్తుపూర్వం 3300 ప్రాంతంలో అక్కడే మట్టి పలకల మీద రాత మొదలైంది. ఆ పలకల్లో ఎక్కువ భాగం బార్లీ, గొర్రెలు, కల్లులాంటి బీరు, కూలి లెక్కలే. కావ్యాలూ రాజుల ప్రతాపాలూ తర్వాత వచ్చాయి. రాతకు మూలపురుషుడు మన ఊరి కరణంలాంటివాడే అని నేనంటే నవ్వుతారు గానీ, అంతకన్నా దగ్గరి పోలిక నాకు దొరకలేదు.

మన దగ్గరికి వద్దాం. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) ఒక బూడిద దిబ్బ ఉండేది. ఇలాంటివి రాయచూరు, బళ్లారి, అనంతపురం వైపు చాలా ఉన్నాయి. అగ్నిపర్వతమని కొందరు, రాక్షసుల చితి అని కొందరు అనేవారు. హంపీ దగ్గర నింబాపురం దిబ్బను వాలి చితాభస్మం అంటారు. 1957లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ ఉట్నూరు దిబ్బను తవ్వితే బయటపడింది పశువుల దొడ్డి. దుంగలు పాతి కట్టిన కంచె, పేరుకున్న పేడను మళ్లీ మళ్లీ కాల్చిన పొరలు, వాటి మధ్య ఆవుల గిట్టల ముద్రలు. నాలుగు వేల ఏళ్ల పైబడిన గిట్టల ముద్రలు! ఎవడైనా బంగారం కోసం పలుగు వేసి ఉంటే మొదట పోయేవి అవే.

ఇంకా చిన్నవి గింజలు. మట్టిని నీళ్ల డ్రమ్ములో వేసి కలిపితే బొగ్గయిన గింజలు పైకి తేలతాయి. సన్న జల్లెడతో పట్టి ఆరబెడతాం. ఆ కాలపు దక్కను ఊళ్లలో ఇలా దొరికినవి ఉలవలు, పెసలు, అండు కొర్రలు. అంటే ఇక్కడి రైతు ఎవరో గోధుమ తెచ్చిచ్చేదాకా కూర్చోలేదు, ఇక్కడి గడ్డినీ ఇక్కడి పప్పునీ తానే పంటగా మలుచుకున్నాడు. ఉలవచారు గురించి గొప్పలు పోయే మనకు ఈ సంగతి చెప్పింది ఆవగింజంత బొగ్గుముక్కలు. మొదటిసారి అవి జల్లెడలో చూసినరోజు ఇంటికి ఫోన్ చేసి మా అమ్మకు చెప్పాను. "దీనికా నీకు జీతమిస్తున్నారు?" అంది.

దిబ్బలకు ఇంకో ముప్పు ఎరువు. బూడిద, పేడ, ఎముకలు కలిసిన మట్టి కాబట్టి పాటిమన్ను పొలానికి మంచిదని మన తాతల కాలం నుంచి బండ్లకెత్తి తోలుతూనే ఉన్నారు. ఈజిప్టులోనూ ఇంతే. అక్కడ ఆ మట్టిని సెబఖ్ అంటారు. 1887లో అమర్నా దగ్గర సెబఖ్ తవ్వుతున్న ఒక పల్లెటూరి ఆడమనిషికి మట్టి పలకలు తగిలాయి. బాబిలోన్, మితన్ని రాజులు ఈజిప్టు రాజులైన ఫారోలకు రాసిన ఉత్తరాలవి. మొదట్లో నకిలీలనుకున్నారు, చేతులు మారాయి, కొన్ని పిండయ్యాయి. ఇప్పుడు మిగిలినవి 400 లోపు. హరప్పాలోనైతే 1850లలో లాహోర్-ముల్తాన్ రైలు మార్గం కింద పరవడానికి ఆ నగరం ఇటుకల్నే తవ్వుకుపోయారు. దాదాపు 160 కిలోమీటర్ల దారికి సరిపోయాయట. అలా పరిచేశాక 1924లో గానీ ఆ నాగరికత సంగతి ప్రపంచానికి ప్రకటించలేదు.

అపోహ: చెప్తే భూమి లాక్కుంటారు.

ఈ భయాన్ని నేను ఎగతాళి చేయను. రెండెకరాల రైతుకు ఆ రెండెకరాలే ప్రాణం. కానీ వాస్తవం చూడండి. కుండ దొరికినంత మాత్రాన భూమి ప్రభుత్వానికి పోదు. చాలాసార్లు మేం వచ్చి, చూసి, కొలతలు తీసుకుని, వస్తువులు నమోదు చేసుకుని వెళ్లిపోతాం. ఒక స్థలాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించాలంటే 1958 కేంద్ర చట్టం ప్రకారం ముందు నోటీసు ఇవ్వాలి, అభ్యంతరం చెప్పుకోవడానికి రెండు నెలల గడువు ఉంటుంది. ప్రకటించాక కూడా అడుగు లోతు మించకుండా సేద్యం చేసుకోవచ్చు. ఇల్లు కట్టుకోవడానికి, బోరు వేయడానికి అడ్డంకులు వస్తాయి, అది కాదనను. అవసరమైతే భూమి సేకరించే అధికారమూ చట్టంలో ఉంది, పరిహారమూ ఉంది. ఆ దాకా వెళ్లేవి బహుకొద్ది. దొరికింది దాచిపెడితేనే అసలు చిక్కు. 10 రూపాయల విలువ మించిన పాతిపెట్టిన సొత్తు ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెప్తోంది. తెలపకపోతే జైలు కూడా పడొచ్చు.

మహారాష్ట్రలోని దైమాబాద్‌లో 1974లో ఒక రైతు చెట్టు వేళ్లు తవ్వుతుంటే నాలుగు కంచు బొమ్మలు దొరికాయి. ఎడ్లబండి రథం, ఏనుగు, ఖడ్గమృగం, గేదె. అన్నీ కలిపి 60 కిలోల పైనే. పాత ఇనుప సామాన్ల కొట్టులో తూకానికి వేసి ఉంటే ఆ రోజుకు కొన్ని వందలు వచ్చేవేమో. ఇప్పుడవి పుస్తకాల్లో ఉన్నాయి. కానీ సరిగ్గా ఏ పొరలో పడి ఉన్నాయో ఎవరూ చూడలేదు కాబట్టి వాటి కాలం మీద పండితులు వాదులాడుకున్నారు.

మీ చేలో ఏదైనా తగిలితే యంత్రం ఆపండి. కడగొద్దు, అతికించొద్దు. ఫోన్‌తో ఫోటో తీయండి, పక్కన చెప్పో పెన్నో పెడితే సైజు తెలుస్తుంది. తహసీల్దారుకో పురావస్తు శాఖకో చెప్పండి. వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. మీ ఫోటో మాకన్నా ముందు టార్చిలైట్ల వాళ్లకు చేరుతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

నది ఉంటే నాగరికత దానంతటదే పుడుతుందంటారు. దక్కనులో తొలి పశుపోషకులు స్థిరపడింది కృష్ణా, గోదావరి డెల్టాల్లో కాదు, వానలు సరిగా పడని రాళ్లగుట్టల మధ్య.

మొహెంజొదారో మీద అణుబాంబు పడిందంటారు. లేదు. అక్కడ దొరికినవి కొన్ని పదుల అస్థిపంజరాలు, అవీ వేర్వేరు కాలాలవి. క్రీస్తుపూర్వం 1900 నుంచి ఆ నగరాలు నెమ్మదిగా ఖాళీ అయ్యాయి.

ఘటోత్కచుడి అస్థిపంజరం ఫోటో! 2002లో ఒక ఫోటో ఎడిటింగ్ పోటీ కోసం తయారుచేసిన బొమ్మ అది. దయచేసి నాకు ఇక పంపకండి.

రాతి విగ్రహానికి వయసు తేల్చే కార్బన్ పరీక్ష చేయించమని తెస్తారు. రాయికి ఆ పరీక్ష పనిచేయదు. బొగ్గు, ఎముక, గింజ వంటి ఒకప్పుడు ప్రాణమున్నవి కావాలి.

గుళ్లో పెట్టి పూజించే నున్నటి పిడుగురాయి మాత్రం చాలాసార్లు కొత్త రాతియుగపు గొడ్డలి. పూజ మానమని నేనెవరికీ చెప్పలేదు. కనీసం ఆ గుళ్లో పదిలంగా ఉంటుంది.

ఆ రోజు ఆ రైతు ఇంట్లో చాయ్ తాగుతూ కూర్చున్నాను. కొడుకు తలెత్తి చూడలేదు. అంతలో పశువుల కొట్టం దగ్గర వాళ్ల నాయనమ్మ కోళ్లకు నీళ్లు పోస్తోంది. పోస్తున్నది నలుపు-ఎరుపు గిన్నెలో. పైభాగం నలుపు, అడుగు ఎరుపు, ఎక్కడా పెచ్చు కూడా లేవలేదు. మనవడు పారబోసే ముందు మంచిగుందని ఇదొక్కటి తీసి పెట్టుకుందట.

"అవ్వా, ఇది ఎట్లున్నది అక్కడ? గుర్తుందా?"

"గుర్తులేకేం బిడ్డా. బోర్లేసి ఉండె. కింద చిన్న పుర్రె ఉండె, పసిపిల్లదో ఏమో. ఆ పక్కన ఇంకో రెండు చిన్న ముంతలు. తల సూర్యుడు దిగే దిక్కు."

నోట్‌బుక్ తీసి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. గిన్నె అడిగితే ఇచ్చింది, కానీ సాయంత్రంలోపు కోళ్లకు ఇంకో ముంత కొనిపెట్టమంది. కొనిచ్చాను.