రసెల్ బ్లాకులు ఎవరూ లెక్కపెట్టలేదు

బాస్కెట్‌బాల్‌లో మైకేల్ జోర్డాన్ గొప్పా, లెబ్రాన్ జేమ్స్ గొప్పా అనే వాదన ఎక్కడ మొదలైనా చివరికి అంకెల దగ్గరికే వస్తుంది. ఒకరికి 6 టైటిళ్లు, ఇంకొకరికి 4. ఒకరు 10 సీజన్లలో స్కోరింగ్‌లో టాప్, ఇంకొకరు 40 వేల పాయింట్లు దాటేశారు. ఆ అంకెలు ఏ రూల్స్ కింద వచ్చాయి, అసలు ఎప్పటినుంచి రాసిపెట్టడం మొదలైంది అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. వాళ్లు ఆడిన అమెరికా లీగ్ ఎన్‌బీఏ చరిత్రలో కాస్త వెనక్కి వెళ్తే ఈ గొడవ ఎందుకు తెగదో తెలుస్తుంది.

1950 నవంబర్ 22న ఫోర్ట్ వేన్ పిస్టన్స్ జట్టు మినియాపొలిస్ లేకర్స్‌ మీద 19-18 స్కోరుతో గెలిచింది. ఒక క్వార్టర్‌కి కాదు, మొత్తం మ్యాచ్‌కి. లేకర్స్‌లో 6 అడుగుల 10 అంగుళాల జార్జ్ మైకన్ ఉన్నాడు, అతని చేతికి బంతి వెళ్తే ఇక ఆపలేం, అందుకని పిస్టన్స్ వాళ్లు షాట్ వేయకుండా బంతిని తమ దగ్గరే పెట్టుకుని కాలం గడిపేశారు. రూల్స్‌లో దానికి అడ్డు లేదు. ఇలాంటి ఆటకి జనం డబ్బులిచ్చి ఎందుకొస్తారు? సిరక్యూస్ జట్టు ఓనర్ డానీ బయసోన్ ఒక లెక్క వేశాడు: రంజుగా సాగే మ్యాచ్‌లో రెండు జట్లూ కలిపి 120 షాట్లు వేస్తాయి, మ్యాచ్ 48 నిమిషాలు అంటే 2,880 సెకన్లు, 120తో భాగిస్తే 24. బంతి చేతికొచ్చిన 24 సెకన్లలోపు షాట్ వేయాల్సిందే అంటూ 1954లో పెట్టిన ఆ గడియారం ఇప్పటికీ ఉంది.

దాంతో ఆట ఒక్కసారిగా పరుగందుకుంది. 1961-62 సీజన్లో ఒక్కో జట్టు మ్యాచ్‌కి 107కి పైగా షాట్లు వేసేది, అందులో సగం కూడా పడేవి కావు, పడకుండా తిరిగొచ్చిన బంతుల్ని అందుకుంటే అవన్నీ రీబౌండ్లే. విల్ట్ చాంబర్లేన్ సగటున మ్యాచ్‌కి 50.4 పాయింట్లు కొట్టిందీ, ఆస్కార్ రాబర్ట్‌సన్ సీజన్ మొత్తానికి ట్రిపుల్ డబుల్ సగటు (పాయింట్లు, రీబౌండ్లు, బుట్టకి దారితీసే పాస్‌లు మూడూ మ్యాచ్‌కి పదికి పైనే) సాధించిందీ ఆ ఒక్క సీజన్లోనే అంటే అందులో ఆ వేగం వాటా కూడా ఉంది. అలాగని తేలిగ్గా తీసేయకూడదు, విల్ట్ ఆ ఏడాది సగటున 48.5 నిమిషాలు ఆడాడు, అంటే ఓవర్‌టైమ్‌లు కూడా కలుపుకుని దాదాపు ఒక్క నిమిషం కూడా బెంచి మీద కూర్చోలేదు. 1962 మార్చి 2న హెర్షీ ఊళ్లో అతను కొట్టిన 100 పాయింట్ల మ్యాచ్‌కి టీవీ ప్రసారం లేదు, వీడియో కూడా లేదు.

ఇక బిల్ రసెల్. 13 సీజన్లలో 11 టైటిళ్లు. అతని ఆటకి ప్రాణం షాట్లని అడ్డుకోవడం, ఆ బ్లాకుల్ని ఎన్‌బీఏ అధికారికంగా లెక్కపెట్టడం మొదలుపెట్టింది 1973-74లో, అతను రిటైరైంది 1969లో. ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే ఫైనల్స్ ఎంవీపీ అవార్డు మొదటిసారి ఇచ్చింది కూడా 1969లోనే, అదీ ఓడిన జట్టులోని జెర్రీ వెస్ట్‌కి. అందుకే రసెల్ పేరు పక్కన ఆ కాలమ్‌లో సున్నా ఉంటుంది, 2009లో ఆ అవార్డుకి అతని పేరే పెట్టినా సరే. ఇప్పటి పట్టికలతో అతన్ని కొలవడం నాకు చాలా అన్యాయంగా తోస్తుంది. నిజమే, అతను వచ్చినప్పుడు లీగ్‌లో ఉన్నవి 8 జట్లే, ఇప్పుడు 30 ఉన్నాయి కాబట్టి టైటిల్‌కి పోటీదారులు ఎక్కువ. కానీ జట్లు తక్కువంటే మంచి ఆటగాళ్లంతా వాటిలోనే ఇరుక్కుని ఉంటారు, రాత్రి మార్చి రాత్రి విల్ట్ లాంటివాళ్లే ఎదురుపడతారు.

టైటిళ్లు లెక్కపెట్టేవాళ్లు పూర్తిగా వదిలేసే సంగతి ఇంకొకటి ఉంది. అప్పట్లో ఆటగాడికి జట్టు మారే హక్కు లేదు, కాంట్రాక్టు అయిపోయినా ఓనర్ వదిలితేనే బయటపడేది. ఆటగాళ్ల సంఘం అధ్యక్షుడిగా ఉన్న రాబర్ట్‌సన్ పేరు మీద 1970లో కేసు వేశారు, 1976లో రాజీ కుదిరింది, స్వేచ్ఛ మెల్లగా వచ్చింది. 2010లో లెబ్రాన్ మయామీ జట్టుకి మారగలిగింది ఆ పోరాటం వల్లే. అతనికి విశ్వాసం లేదని తిట్టేవాళ్లు పాతవాళ్ల విశ్వాసాన్ని ఉదాహరణగా చూపిస్తారు, వాళ్లకి వేరే దారే లేదన్నది మరిచిపోయి. అదే 1976లో పోటీ లీగ్ ఏబీఏ నుంచి నాలుగు జట్లు ఎన్‌బీఏలో కలిశాయి. జూలియస్ ఎర్వింగ్ అంతకు ముందు అక్కడ కొట్టిన పాయింట్లు ఎన్‌బీఏ లెక్కలోకి రావు, రెండూ కలిపితే 30 వేలు దాటుతాయి.

మూడు పాయింట్ల గీత, అంటే దూరంగా గీసిన ఆ గీత అవతల నుంచి వేస్తే రెండుకి బదులు మూడు పాయింట్లు, 1979-80లో వచ్చింది. మొదటి ఏడాది ఒక్కో జట్టు సగటున మ్యాచ్‌కి మూడుసార్లు కూడా అక్కణ్నుంచి ప్రయత్నించలేదు, ఇప్పుడు 35 దాటుతోంది. స్టెఫ్ కర్రీ ఒక్కడికే 2015-16లో అలాంటివి 402 పడ్డాయి.

జోర్డాన్ అభిమానులు 2004లో బంతితో వెళ్తున్నవాణ్ని చేత్తో ఆపడాన్ని కట్టడి చేశారు కాబట్టి ఇప్పుడు పాయింట్లు సులువు అంటారు, అందులో నిజముంది. అయితే 2001 నుంచి జోన్ డిఫెన్స్‌కి, అంటే మనిషిని కాకుండా చోటుని కాపలా కాయడానికి, అనుమతి ఉంది, జోర్డాన్ బుల్స్ జట్టుకి ఆడినన్నాళ్లూ ఎదుటివాళ్లు తమ మనిషిని వదిలేసి అతని దారిలో ముందే కాపు కాస్తే అది తప్పు. ఎవరికి కావాల్సిన రూల్ వాళ్లు చెప్పుకుని రెండోది దాచేస్తారు.

నన్నడిగితే కరీం అబ్దుల్ జబ్బార్‌కి ఈ చర్చలో దక్కాల్సిన చోటు దక్కడం లేదు. 1969 నుంచి 1989 వరకు 20 సీజన్లు, లీగ్‌ల విలీనానికి ముందూ వెనకా, మూడు పాయింట్ల గీతకి ముందూ వెనకా. ఆ గీత అవతల నుంచి కెరీర్ మొత్తంలో అతనికి పడింది ఒకే ఒక్కటి. అయినా తల మీదుగా ఒంటిచేత్తో వేసే తన స్కై హుక్ షాట్‌తో సీజన్ మొత్తానికి ఇచ్చే ఎంవీపీలు ఆరు తెచ్చుకున్నాడు, అన్ని ఎంవీపీలు ఇప్పటిదాకా ఇంకెవరికీ లేవు. 38,387 పాయింట్ల అతని రికార్డుని లెబ్రాన్ దాటింది 2023 ఫిబ్రవరిలో.