డాక్టరు ఎదురుగా లేకపోతే పీఏ వైద్యం చేయకూడదా? అపోహలు – వాస్తవాలు

నేను అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, డాలస్ సమీపంలోని ఒక క్లినిక్‌లో ఫిజీషియన్ అసిస్టెంటుగా (పీఏ) పనిచేస్తున్నాను; అంటే డాక్టరు కాకపోయినా రోగులను పరీక్షించి మందులు రాసే వైద్య ఉద్యోగం. డాక్టరు భవనంలో లేనప్పుడు పీఏ చూడటం చట్టవిరుద్ధమన్న మాట మన తెలుగు కుటుంబాల నోట తరచూ వింటుంటాను. ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రుల కోసం తీసుకున్న అపాయింట్‌మెంటును ఈ ఒక్క అనుమానంతో రద్దు చేసుకొని, డాక్టరుకు ఖాళీ దొరికేవరకు వారాల తరబడి ఆగేవారున్నారు. అన్ని అపోహల్లోనూ ఎక్కువ కీడు చేస్తున్నది ఇదే.

టెక్సస్ చట్టం ప్రకారం పర్యవేక్షణ నిరంతరం ఉండాలి గాని, పర్యవేక్షించే డాక్టరు ఎల్లవేళలా అక్కడే ఉండనక్కరలేదు. అవసరమైనప్పుడు ఫోనులోనైనా అందుబాటులో ఉండాలి. మందులు రాసే అధికారం మాకు డాక్టరుతో చేసుకున్న లిఖితపూర్వక ఒప్పందం ద్వారా వస్తుంది. ఏ తరహా మందులు రాయవచ్చు, రోగిని ఎప్పుడు డాక్టరుకు అప్పగించాలి, ఆయన మా కేసులను ఎలా సమీక్షించాలి అన్నవి అందులో ఉంటాయి. కనీసం నెలకొకసారి ఇద్దరం కలిసి చర్చించుకోవాలి.

తెచ్చుకున్న బీపీ మాత్రలు అయిపోయి, కొడుకు అపాయింట్‌మెంటు వాయిదా వేస్తూ రాగా, చివరికి తల తిరుగుతోందంటూ వచ్చిన ఒక పెద్దావిడ, “నువ్వు రాసిన మందు షాపువాళ్లు ఇస్తారా అమ్మా?” అని భయంభయంగా అడిగారు. ఇచ్చారు. పరాయి దేశంలో ఆవిడకు కలిగిన భయం నాకు అర్థమవుతుంది. విచారించకుండా ఇలాంటి మాటలను వాట్సాప్‌లో పంచేవారి తొందరే అర్థం కాదు.

ఒక పరిమితి మాత్రం నిజం: బలమైన నొప్పి మందు హైడ్రోకోడోన్ వంటి షెడ్యూల్ 2 మందులను (అలవాటుపడే ప్రమాదం ఎక్కువ కాబట్టి గట్టి నియంత్రణలో ఉన్నవి) టెక్సస్‌లో పీఏలు ఆసుపత్రి, హాస్పిస్ (జీవిత చివరి దశలో ఉన్న రోగుల సంరక్షణ) సేవల పరిధిలో తప్ప మామూలు క్లినిక్‌లో రాయలేరు.

అన్ని రాష్ట్రాల్లో ఒకే నియమం ఉంటుందనుకోవడమూ పొరపాటే. డాక్టరుతో ఒప్పందం తప్పనిసరన్న షరతును నార్త్ డకోటా 2019లో చాలావరకు, వ్యోమింగ్ 2021లో పూర్తిగా తొలగించాయి. ఇక పీఏలంటే డాక్టరు చదువు మధ్యలో మానేసినవారన్న మాటకు ఆధారమే లేదు. మాది వేరే మాస్టర్స్ కోర్సు, దానికి జాతీయ పరీక్ష ఉంది.

అనుమానం ఉంటే మీ పర్యవేక్షక డాక్టరు ఎవరని మమ్మల్నే అడగండి. చెప్పడానికి మాకు అభ్యంతరం ఉండదు. మా లైసెన్సు వివరాలను టెక్సస్ మెడికల్ బోర్డు వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.