నాన్నతో పక్క రాష్ట్రానికి టర్కీ వేట: అపోహలు - వాస్తవాలు

నేను టెక్సాస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ (వేటలో భద్రత, నియమాలు నేర్పే కోర్సు) క్లాసులు చెప్పే వాలంటీర్‌ని. ఏటా చలికాలం చివర్లో మనవాళ్ళ నుంచి ఒకటే ప్రశ్న వస్తుంది: "ఈ ఏప్రిల్‌లో నాన్నగారిని తీసుకుని టర్కీ వేటకి (అడవిలో తిరిగే పెద్ద కోడిలాంటి పక్షి) వేరే రాష్ట్రం వెళ్దామనుకుంటున్నాం, ఎలా ప్లాన్ చేసుకోవాలి?" అడిగినందుకు చాలా సంతోషం. కానీ ప్రశ్నతో పాటే కొన్ని తప్పుడు నమ్మకాలూ వస్తుంటాయి. వాటిలో కొన్ని డబ్బు దండగ చేసేవి, కొన్ని ప్రాణం మీదికి తెచ్చేవి.

అపోహ: డెబ్బై దాటిన మనిషికి టర్కీ వేట కుదరదు. మైళ్ళకు మైళ్ళు నడవాలి.

వేటలన్నిట్లో పెద్దవాళ్ళకి బాగా నప్పేది ఇదే అని నా అభిప్రాయం. టర్కీకి వాసన పసిగట్టే శక్తి తక్కువ, చూపు మాత్రం మహా చురుకు. మనం వేలు కదిపినా కనిపెట్టేస్తుంది. అందుకే దాని వెంట పడి లాభం లేదు. వసంతంలో పుంజులు పెట్టల కోసం కూస్తూ తిరుగుతాయి. మనం ఒకచోట కదలకుండా కూర్చుని పెట్టలా పిలిస్తే పుంజే మన దగ్గరికి వస్తుంది. అంటే ఇందులో కావాల్సింది కాళ్ళ బలం కాదు, ఓపిక. అది మనకంటే మన నాన్నలకే ఎక్కువ.

దీనికి పాప్-అప్ బ్లైండ్ కొనండి. లోపల దాక్కుని కూర్చునే చిన్న గుడారంలా ఉంటుంది. కొత్తగా గుడారం వెలిస్తే జింకలు రోజుల తరబడి అనుమానంగా చూస్తాయి కానీ టర్కీలు పెద్దగా పట్టించుకోవు. లోపల వీపుకి ఆనిక ఉన్న కుర్చీ వేయండి. టర్కీ వెస్ట్‌తో (వేటగాళ్ళు వేసుకునే జేబుల కోటు) వచ్చే మెత్త నేలకి ఆనేంత కిందుగా ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి దాని మీద కూర్చుంటే లేవడం గండమే. ప్రయాణానికి ముందే మీ పెరట్లో బ్లైండ్ వేసి, నాన్నగారిని గంటసేపు కూర్చోబెట్టండి. కుర్చీ ఎత్తుకీ కిటికీ ఎత్తుకీ పొంతన కుదిరిందా, తుపాకీ గొట్టం స్టాండ్ మీద ఆనిస్తే మెడ వంచకుండా గురి చూడగలుగుతున్నారా అన్నది అక్కడే తేలిపోతుంది. ముందు వైపు కిటికీలు మాత్రమే తెరవండి. వెనకవి కూడా తెరిస్తే వెలుతురులో మన ఆకారాలు బయటికి కనిపిస్తాయి. లోపల చీకటిగా ఉంటుంది కాబట్టి నల్ల చొక్కా మేలు.

ఇంకో మాట. వయసు మీద పడ్డాక కూత వినిపించినా అది ఏ వైపు నుంచి వస్తోందో పోల్చుకోవడం కష్టమవుతుంది. నాన్నగారికి ఏ చెవి బాగా వినిపిస్తుందో కనుక్కుని ఆ పక్కన మీరు కూర్చోండి. మాట్లాడకుండా మోకాలి మీద తట్టి దిక్కు చూపించడం ముందే అనుకోండి.

అపోహ: తెల్లవారకముందే అడవిలో ఉండకపోతే ఆ రోజు పోయినట్టే.

రాత్రి చెట్ల మీద పడుకున్న పుంజులు తెల్లవారుజామున బాగా కూస్తాయి, నిజమే. కానీ కిందికి దిగగానే చాలావరకు పెట్టల వెంట పడతాయి, మన పిలుపుని లెక్క చేయవు. పొద్దెక్కాక, తొమ్మిది పది గంటలకి, పెట్టలు గూళ్ళ దగ్గరికి వెళ్ళిపోతాయి. ఒంటరిగా మిగిలిన పుంజు అప్పుడు పిలిస్తే పలుకుతుంది. కాబట్టి నాన్నగారిని నిద్రపోనివ్వండి. బీపీ, షుగర్ మాత్రలు వేళకి వేసుకుని, కడుపు నిండా టిఫిన్ తిని, ఎండ వచ్చాక బయల్దేరవచ్చు. మీరు వెళ్ళే రాష్ట్రంలో రోజంతా వేటకి అనుమతి ఉందో లేదో చూసుకోండి. పెన్సిల్వేనియాలో సీజన్ మొదటి భాగంలో మధ్యాహ్నం పన్నెండుకే ఆపేయాలి.

అపోహ: లైసెన్సు బయల్దేరే ముందు రోజు ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు.

ఒకప్పుడు చాలాచోట్ల అలాగే నడిచింది. పలు రాష్ట్రాల్లో టర్కీల సంఖ్య పడిపోవడంతో బయటివాళ్ళ మీద పరిమితులు వచ్చాయి. నెబ్రాస్కా 2023 నుంచి బయటి రాష్ట్రాల వాళ్ళకిచ్చే స్ప్రింగ్ పర్మిట్లని 10,000కి కుదించింది. కాన్సస్‌లో 2024 నుంచి బయటివాళ్ళకి డ్రా (లాటరీ) పద్ధతి. దరఖాస్తు చలికాలంలోనే పెట్టుకోవాలి. సంక్రాంతి హడావుడి అయిపోగానే ఈ పని మీద కూర్చుంటే సరిపోతుంది. హోటల్, సెలవులు ఆ తర్వాతే.

అపోహ: పెద్దవాళ్ళకి ఫీజులో రాయితీ ఉంటుంది, హంటర్ ఎడ్యుకేషన్ అక్కర్లేదు.

సీనియర్ రాయితీలు చాలావరకు ఆ రాష్ట్రంలో నివసించేవాళ్ళకే. బయటి నుంచి వెళ్ళేవాళ్ళు డెబ్బై అయినా పాతికైనా పూర్తి రుసుము కట్టాల్సిందే అనుకుని లెక్క వేసుకోండి. హంటర్ ఎడ్యుకేషన్ సంగతి పుట్టిన తేదీని బట్టి ఉంటుంది, అది కూడా రాష్ట్రానికో రకం. టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి కావాలి. మిస్సోరీలో ఆ గీత 1967 జనవరి 1, కాన్సస్‌లో 1957 జూలై 1, కొలరాడోలో 1949 జనవరి 1. అంటే 1950లో పుట్టిన నాన్నగారికి మొదటి మూడు చోట్లా అక్కర్లేదు, కొలరాడోలో మాత్రం ఆ నిబంధన వర్తిస్తుంది. ఒక రాష్ట్రంలో తీసుకున్న కార్డు మిగతా రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది. అవసరం లేకపోయినా కోర్సు చేయించమనే చెప్తాను. సీజన్ లేని నెలల్లో తండ్రీకొడుకులు, తండ్రీకూతుళ్ళు కలిసి వచ్చి కూర్చుంటే క్లాసు చెప్పే నాకూ హుషారుగా ఉంటుంది.

అపోహ: విజిటర్ వీసా మీద వచ్చిన నాన్న సరదాకి ఒక్కసారి తుపాకీ పట్టుకుంటే ఏం కాదు.

అవుతుంది. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. బి-2 మీద వచ్చిన తల్లిదండ్రులకే కాదు, హెచ్-1బి మీద ఉన్న మీకూ ఇది వర్తిస్తుంది. చెల్లుబాటులో ఉన్న అమెరికా హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్ళకి చట్టంలోనే మినహాయింపు ఉంది, కానీ ఆ లైసెన్సు ముందు చేతికి రావాలి, తుపాకీ తర్వాత. ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకున్నాకే అడుగు వేయండి. ఏ మాత్రం అనుమానం ఉన్నా నాన్నగారికి బైనాక్యులర్స్ ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకోండి. ఉత్తినే చూసేవాళ్ళ జోలికి ఎవరూ రారు గానీ, పక్షిని పిలవడాన్ని కూడా వేటగానే లెక్కగట్టే రాష్ట్రాలున్నాయి. పిలిచే పని మీరే చూసుకోండి.

అపోహ: టర్కీకి 12 గేజ్ తుపాకీ తప్పదు.

గేజ్ అంటే తుపాకీ గొట్టం కొలత, అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నమవుతుంది. భారీ తూటాలు వేసిన 12 గేజ్ భుజాన్ని గట్టిగా తంతుంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకి ఆ దెబ్బకి భుజం కమిలిపోతుంది. పేస్‌మేకర్ ఉంటే ఆ వైపు భుజానికి ఆనించవచ్చో లేదో కార్డియాలజిస్టునే అడగాలి. ఇప్పుడు టంగ్‌స్టన్ గుళ్ళు వచ్చాయి. సీసం కంటే ఎంతో బరువైన లోహం కాబట్టి చిన్న గుళ్ళు కూడా లోతుగా దిగుతాయి. వాటితో 20 గేజ్ తుపాకీ 40 గజాల దాకా పని కానిస్తుంది. ఖరీదు ఎక్కువే. ముందు రేంజ్‌లో కాగితం మీద పేల్చి, గుళ్ళు ఎంత వెడల్పున పడుతున్నాయో చూసి, నాన్నగారు ఎంత దూరం దాకా కాల్చవచ్చో అక్కడే ఖాయం చేసుకోండి.

అపోహ: కూత వినిపించగానే చెట్ల చాటున దాని వైపు పాకాలి.

ఎప్పుడూ వద్దు. ఆ కూత ఇంకో వేటగాడు పెడుతున్నది కావచ్చు. టర్కీ వేటలో జరిగే ప్రమాదాల్లో మనిషిని పక్షి అనుకుని కాల్చడం ముఖ్యమైనది. పుంజు తల ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో ఉంటుంది కాబట్టి చేతిరుమాలుతో సహా ఆ రంగులేవీ ఒంటి మీద ఉండకూడదు. ఎవరైనా దగ్గరికి వస్తుంటే చెయ్యి ఊపకండి, గట్టిగా కేకేసి చెప్పండి.

అపోహ: అడవిలో భయపడాల్సింది పాములకే.

పాములు ఉంటాయి, కాళ్ళ దగ్గర చూసుకుని నడిస్తే చాలు. నాకు టెన్షన్ పిడుదులతోనే. మిస్సోరీ, ఓక్లహోమా, ఆర్కన్సా వైపు లోన్ స్టార్ టిక్ అనే పిడుదు ఎక్కువ. అది కుడితే కొందరికి ఆల్ఫా-గాల్ అలర్జీ వస్తుంది. తర్వాత మటన్ తిన్నా, బీఫ్, పోర్క్ తిన్నా కొన్ని గంటలకి ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి, ఒక్కోసారి ఊపిరాడక ఆసుపత్రి పాలవుతారు. బట్టలకి, బూట్లకి ముందు రోజే పెర్మెత్రిన్ కొట్టి ఆరనివ్వండి. అది ఒంటికి రాసేది కాదు. ప్యాంటు అంచులు సాక్సులోకి దోపాలి. సాయంత్రం గదికి రాగానే మోకాళ్ళ వెనక, నడుము చుట్టూ, చెవుల వెనక వెతకండి. పెద్దవాళ్ళకి అవి కనిపించవు, చెప్పడానికి మొహమాటపడతారు. మీరే చూడండి.

అపోహ: పక్షి దొరికాక ఇక రూల్స్ ఏమీ లేవు.

పక్షికి ట్యాగ్ (పర్మిట్ చీటీ) కట్టడం, ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో రిపోర్ట్ చేయడం చాలాచోట్ల తప్పనిసరి. పుంజే అని రుజువు కోసం రొమ్ము మీద వేలాడే గడ్డంలాంటి కుచ్చుని గానీ తలని గానీ ఉంచమనే రాష్ట్రాలున్నాయి, కాబట్టి హోటల్ గదిలోనే అంతా కోసేయకండి. నిబంధన తప్పి పట్టిన పక్షితో సరిహద్దు దాటితే 1900 నాటి లేసీ చట్టం కింద అది ఫెడరల్ కేసు అవుతుంది. విమానంలో వెళ్తుంటే తుపాకీని ఖాళీ చేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, కౌంటర్ దగ్గర చెప్పి చెక్-ఇన్ చేయాలి. మాంసం కోసం ఐస్‌బాక్స్ మర్చిపోకండి. రొమ్ము త్వరగా ఉడుకుతుంది. కాళ్ళు గట్టిగా ఉంటాయి, కుక్కర్‌లో బాగా ఉడకనిచ్చి పులుసు పెట్టండి. వడ్డించే ముందు గుళ్ళు మిగిలాయేమో వేళ్ళతో తడిమి చూడండి, పెద్దవాళ్ళ పళ్ళు జాగ్రత్త.