జేబు చాకు: అపోహలు - వాస్తవాలు

మాది విశాఖపట్నంలో కత్తుల కొట్టు. మా తాత సాన బండి తొక్కుతూ వీధులు తిరిగాడు, నాన్న కొట్టు పెట్టాడు, నేను 26 ఏళ్లుగా అందులో కూర్చుంటున్నాను. హార్బర్‌లో చేపలు కోసేవాళ్లు, క్యాటరింగ్ వాళ్లు, టైలర్లు మాకు పాత ఖాతాదారులు. ఈమధ్య వీడియోలు చూసి, రోజూ జేబులో పెట్టుకునే మడత చాకు కావాలని వచ్చే కుర్రాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లలో చాలామంది మొదట అడిగేది ఒకటే: "అన్నా, సెల్ఫ్ డిఫెన్స్‌కి ఏది బాగుంటుంది?" అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: జేబులో చాకు ఉంటే ఆపదలో అదే కాపాడుతుంది

రెండేళ్ల క్రితం అనకాపల్లి నుంచి ఒక పెద్దాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. అమ్మాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, నైట్ షిఫ్ట్. "బటన్ నొక్కితే తెరుచుకునే చాకు ఉందా బాబూ? దీని బ్యాగులో పడేస్తే నాకు కాస్త నిద్ర పడుతుంది" అన్నారు. ఆయన కళ్లు చూస్తే నిజంగానే నిద్ర లేనట్టుంది.

నా దగ్గర సాధన కోసం పెట్టుకున్న పదును లేని మడత చాకు ఒకటుంది. దాన్ని ఆ అమ్మాయి బ్యాగులో వేసి జిప్ పెట్టమన్నాను. "అమ్మా, నేను ఆ గుమ్మం దగ్గర్నుంచి నీ వైపు వస్తాను. పరిగెత్తను, మామూలుగా నడిచే వస్తాను. నేను కదలగానే చాకు తీసి తెరువు" అన్నాను. గుమ్మం నుంచి ఆమె నిల్చున్న చోటికి ఏడు అడుగులు. మొదటిసారి నేను చేరేసరికి జిప్ సగం తెరిచింది. రెండోసారి చెయ్యి బ్యాగులో ఉంది, వేళ్లకు చార్జర్ తగిలింది. మూడోసారి చాకు ముందే గుప్పిట్లో పెట్టుకోమన్నాను. బ్లేడు మీది గాడిలో గోరు పెట్టి లాగబోయింది, గోరు జారింది, మళ్లీ పెట్టింది. అప్పటికే నా చెయ్యి ఆమె బ్యాగు పట్టీ మీద ఉంది. ఇది ఆట అని తెలుసు, ఎదుట తండ్రి ఉన్నాడు, అయినా ఆ పిల్ల వేళ్లు వణికాయి.

భయం వేసినప్పుడు శరీరం పరుగుకు సిద్ధమవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కాళ్లకు బలం వస్తుంది, కానీ సూదిలో దారం ఎక్కించడంలాంటి సన్నపని వేళ్లకు చేతకాదు. మడత చాకు తెరవడం అలాంటి సన్నపనే. అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెన్నిస్ ట్యూలర్ 1983లో ఒక వ్యాసం రాశాడు. 21 అడుగుల దూరం నుంచి పరిగెత్తుకొచ్చే మనిషి సుమారు ఒకటిన్నర సెకనులో మీద పడగలడని కొలిచి చూపించాడు. రోజూ సాధన చేసే పోలీసుకు ఒరలోంచి తుపాకీ తీసి కాల్చడానికి కూడా దాదాపు అంతే సమయం పడుతుంది. బ్యాగు అడుగున ఉన్న మడత చాకు ఏ మూలకు?

ఒకవేళ తెరిచారనుకోండి. కత్తి చూడగానే ఎదుటివాడు పారిపోతాడని హామీ లేదు. వాడికి మనకంటే బలం ఉంటే రెండు క్షణాల్లో అది వాడి చేతిలో ఉంటుంది. అప్పటిదాకా లేని ఆయుధాన్ని మనమే అందించినవాళ్లమవుతాం. గాయపడ్డ మనిషి సినిమాలోలా అక్కడే కూలిపోడు కూడా. చాలా మడత చాకుల పిడికి చెయ్యి ముందుకు జారకుండా అడ్డు ఉండదు కాబట్టి చెమట పట్టిన చెయ్యి బ్లేడు మీదకే జారుతుంది.

ఆ తర్వాత కేసు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లలో ఉంది. హక్కు ఉన్నమాట నిజమే. కానీ రక్షణకు అవసరమైన దానికి మించి హాని చేయడానికి ఆ హక్కు వర్తించదని 37వ సెక్షన్ చెబుతుంది. కోసే ఆయుధంతో గాయపరిస్తే 118వ సెక్షన్ ఉంది. "దీన్ని సెల్ఫ్ డిఫెన్స్ కోసమే కొన్నాను" అని చెప్పడం మనకు బలమవుతుందని కుర్రాళ్లు అనుకుంటారు. పండ్లు కోసుకోవడానికి కాదు, మనిషి మీద వాడడానికే పెట్టుకున్నానని మన నోటితో మనమే చెప్పినట్టు అది.

ఆ పెద్దాయనకు నేను చాకు అమ్మలేదు. పక్కనే ఆటవస్తువుల కొట్లో గట్టిగా మోగే ఈల కొనిపించాను, తాళాల గుత్తికి తగిలించాను. దానికి గోరు పెట్టి తెరిచే గాడి లేదు, నోట్లో పెట్టుకుని ఊదడమే. 112 నంబరు ఒక్క నొక్కుతో వెళ్లేలా ఫోన్‌లో పెట్టుకోవడం, క్యాబ్ వివరాలు ఇంటికి పంపడం, అనుమానం వస్తే మొహమాటపడకుండా వెలుతురున్న కొట్టు వైపు పరిగెత్తడం, ఇవి చెప్పాను. పరుగు సిగ్గుపడాల్సిన పని కాదు. భయంలో శరీరం మనకిచ్చే బలం కాళ్లకే.

అపోహ: 9 అంగుళాల లోపు బ్లేడు అయితే ఏ గొడవా లేదు

ఈ 9 అంగుళాల మాట ఆయుధ చట్టం, 1959 కింద చేసిన నిబంధనల్లోంచి వచ్చింది. 9 అంగుళాల కంటే పొడవైన, లేదా 2 అంగుళాల కంటే వెడల్పైన బ్లేడు ఉన్న కత్తులను ఆయుధాల జాబితాలో పెట్టారు. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు చేసినవాటికి మినహాయింపు ఇచ్చారు. అందుకే కొబ్బరి బోండాల కత్తికి లైసెన్సు అడగరు.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. అదే చట్టంలోని 4వ సెక్షన్ కింద ఫలానా ప్రాంతంలో ఫలానా ఆయుధాలకు లైసెన్సు ఉండాలని ప్రభుత్వం నోటిఫై చేయవచ్చు. ఢిల్లీలో 1980లో ఇచ్చిన నోటిఫికేషన్ బటన్ చాకుల్ని, స్ప్రింగుతో తెరుచుకునేవాటిని పట్టుకుంది. అందులో కొలత 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు. అంటే మూడంగుళాలే! ఇక్కడ మామూలుగా జేబులో తిరిగే చాకు అక్కడ కేసు కావచ్చు. ఎన్నికలప్పుడు, ఊరేగింపులప్పుడు నిషేధాజ్ఞలు ఉంటే ఇంకో లెక్క. విమానంలో చేతి బ్యాగులో చిన్న చాకు కూడా పెట్టనివ్వరు, చెక్-ఇన్ సామానులో వేయాలి. తాత గుర్తుగా దాచుకున్న చాకును ఎయిర్‌పోర్టు చెత్తబుట్టలో వదిలేసి వచ్చి నా దగ్గర బాధపడినవాళ్లున్నారు.

నా సలహా: బటన్ చాకు, స్ప్రింగు చాకు అసలు వద్దు. రెండున్నర, మూడంగుళాల లోపు బ్లేడు ఉన్న మామూలు మడత చాకు తీసుకోండి. యాపిల్, పార్సిల్ టేపు, నైలాన్ తాడు, బస్తా కుట్టు... రోజువారీ పనుల్లో అంతకంటే పొడవు అవసరమైంది నాకు గుర్తులేదు. గొడవ జరిగే అవకాశం ఉన్నచోటికి ఆ చిన్నది కూడా తీసుకెళ్లకండి.

అపోహ: లాక్ ఉంటే వేళ్లకు భయం లేదు

మడత చాకుల్లో రెండు జాతులున్నాయి. ఒకదాంట్లో వెనుక పట్టీ స్ప్రింగు ఒత్తిడి మాత్రమే బ్లేడును నిలబెడుతుంది, తాళం ఉండదు. స్విట్జర్లాండ్ కంపెనీ విక్టోరినాక్స్ వాళ్ల మామూలు ఎర్ర చాకులు చాలావరకు ఈ రకమే. వాటి పూర్వరూపమైన ఆఫీసర్ చాకు 1897 నాటిది. రెండో జాతికి తాళం ఉంటుంది. ఫ్రాన్స్‌లో ఒపినెల్ వాళ్లు 1890 నుంచి చాకులు చేస్తున్నా, బ్లేడు మొదలు దగ్గర తిరిగే ఇనుప కట్టును తాళంగా పెట్టింది 1955లో. ఇంత సాదా ఏర్పాటు, ఇన్నేళ్లయినా దానికి వంక పెట్టలేకపోతున్నాను.

ఒక ఇంజనీరింగ్ కుర్రాడు చెయ్యి కట్టుతో వచ్చాడు. లాక్ లేని చాకు మొనతో ప్లాస్టిక్ డబ్బాకు కన్నం పెట్టబోయాడు. మొన ఇరుక్కుంది, చెయ్యి ముందుకు తోసింది, బ్లేడు మడుచుకుని చూపుడువేలు మీద పడింది. నాలుగు కుట్లు. వచ్చి "ఈసారి లాక్ ఉన్నది ఇవ్వండన్నా" అన్నాడు. ఇచ్చాను, కానీ ఇదీ చెప్పాను: తాళం సీట్‌బెల్టులాంటిది, గోడను గుద్దుకోవడానికి అనుమతి కాదు. లోపల ఇసుక చేరినా, పట్టీ అరిగినా తాళం జారుతుంది. చాకు కోయడానికే. పొడవడానికి, మేకులు పీకడానికి, డబ్బా మూత తిప్పడానికి కాదు.

కొనేటప్పుడు నేను చూసేవి చెబుతాను. బ్లేడు తెరిచి మొన దగ్గర బ్లేడు వీపును రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ కదపండి. టక టక మంటే వద్దు. మడిచినప్పుడు బ్లేడు పిడి మధ్యలో ఉండాలి, ఒక పక్కకు ఒరుసుకోకూడదు. తాళం పూర్తిగా కూర్చున్న చప్పుడు చెవికి వినబడాలి. మీ బొటనవేలితో తాళం విడిపించేటప్పుడు మిగతా వేళ్లు బ్లేడు దారిలోకి వస్తున్నాయేమో గమనించండి. ఒకరి చేతికి బాగున్నది ఇంకొకరి చేతికి కుదరదు. అందుకే చేత్తో పట్టుకుని చూడకుండా కొనొద్దంటాను.

అపోహ: స్టెయిన్‌లెస్ అంటే తుప్పు పట్టదు

మా ఊళ్లో ఈ మాట నిలవదు. ఉక్కులో క్రోమియం కనీసం 10.5 శాతం ఉంటే దాని మీద కంటికి కనబడని పొర కట్టి తుప్పును ఆపుతుంది. సముద్రపు ఉప్పు ఆ పొరను చుక్కలు చుక్కలుగా తినేస్తుంది. చాకు ఎక్కువసేపు పదును నిలుపుకోవాలంటే కార్బన్ కూడా కావాలి, కార్బన్ పెరిగేకొద్దీ తుప్పును తట్టుకునే గుణం కొంత తగ్గుతుంది. గరిటె తుప్పు పట్టదు, చాకు పడుతుంది అంటే కారణం ఇదే. నిమ్మకాయో మామిడికాయో కోశాక కడిగి, తుడిచి, ఆరాక మడవండి. ఇరుసులో నెలకో చుక్క కుట్టుమిషన్ నూనె చాలు, పండ్లు కోసేముందు బ్లేడు తుడుచుకుంటే సరి. వంటనూనె వేస్తే కొన్నాళ్లకు జిగురు పడుతుంది.

అపోహ: డమాస్కస్ గీతలుంటే అది రాజుల కాలం ఉక్కు

ఇది నాకు మనసుకు దగ్గరి విషయం. ఆన్‌లైన్‌లో నీళ్ల అలల్లాంటి గీతలున్న చాకులు "డమాస్కస్" పేరుతో తెగ అమ్ముడవుతున్నాయి. ఇప్పుడు మంచివాళ్లు చేసేది రెండు రకాల ఉక్కును పొరలు పొరలుగా కలిపి కొట్టి, ఆమ్లంలో ముంచి గీతలు తేల్చడం. అది నిజమైన పనితనమే. కానీ చవకగా దొరికేవాటిలో చాలావాటికి గీతలు పైన అచ్చు వేసినవే. నాలుగుసార్లు సాన పడితే అంచు పక్కన మాయమైపోతాయి. గీతలు చూసి పదును చెప్పలేం. పదును ఉక్కు రకం, దానికి పెట్టిన వేడి, నీరు పట్టించిన తీరు బట్టి ఉంటుంది.

అసలు డమాస్కస్ కత్తుల పేరు సిరియాదే కానీ, వాటి ఉక్కులో మన వాటా ఉంది. దక్షిణ భారతంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు ముద్దలు సముద్రం దాటి పశ్చిమాసియాకు వెళ్లేవి. అలాంటి ఉక్కు తీసిన పేరున్న ఊళ్లలో నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకటి. పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చి కొనుక్కెళ్లేవారని 19వ శతాబ్దపు రాతల్లో ఉంది. ఇనుమును మట్టి మూసలో ఆకులతో, కర్రముక్కలతో పెట్టి మూసేసి, గంటల తరబడి కాల్చి, మెల్లగా చల్లార్చేవారు. ఆ మెల్లగా చల్లారడంలోనే లోపల గీతలకు బీజం పడేది. ఎవరో పైన గీసినవి కావు, ఉక్కు లోపల పుట్టినవి. ఆ పని చేసిన కమ్మరుల పేర్లు మనకు మిగల్లేదు. అచ్చు గీతల చాకును "డమాస్కస్" అని అమ్మినప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు.

అపోహ: పదును తక్కువుంటే ప్రమాదం తక్కువ

పూర్తిగా తలకిందులు. మొద్దుబారిన చాకుకు బలం ఎక్కువ పెట్టాలి, బలం పెట్టినప్పుడే జారుతుంది, జారిన చోట మన చెయ్యే ఉంటుంది. టమాటా తొక్క మీద చాకు తెగకుండా జారిపోతే అది సానకు వచ్చినట్టే. ఇంకో పరీక్ష: దీపం కింద అంచును నిటారుగా పట్టుకుని చూడండి. పదునైన అంచు కంటికి కనబడదు. ఎక్కడైనా సన్నటి తెల్లటి మెరుపు కనిపిస్తే అక్కడ మొద్దుబారింది.

అపోహ: నిప్పులు చిమ్మేలా పడితేనే సాన

వేగంగా తిరిగే కరెంటు చక్రం మీద పొడిగా అదిమి పడితే అంచు నీలం తిరుగుతుంది. నీలం తిరిగిందంటే అక్కడ ఉక్కు 300 డిగ్రీల దాకా వెళ్లింది, మామూలు కార్బన్ ఉక్కు అయితే గట్టిదనం పోయింది. ఆ చాకు ఇంటికెళ్లేదాకా పదునుగా ఉంటుంది, వారానికి మళ్లీ మొద్దు. తాత బండి చక్రం నెమ్మదిగా తిరిగేది, ఆయన ప్రతి రెండు సార్లకు బ్లేడును నీళ్లలో ముంచేవాడు. జేబు చాకుకు ఇంట్లో 1000 నంబరు సానరాయి చాలు. రాయి మీద చాకును పడుకోబెట్టి, ఒక్కో పక్క 20 డిగ్రీల దాకా లేపి, రెండు పక్కలా సమానంగా రుద్దండి. చివర్లో పాత తోలు బెల్టు మీద వెనక్కి నాలుగుసార్లు లాగండి.

అపోహ: కత్తిని చేతి నుంచి చేతికి అందిస్తే గొడవలొస్తాయి

గొడవల సంగతి ఎలా ఉన్నా, చేతికివ్వకుండా కింద పెట్టే అలవాటును మా ఇంట్లో నేను మాన్పించలేదు. కొట్లో కూడా ఎవరికైనా చాకు చూపించాలంటే మడిచి, గాజు బల్ల మీద పెట్టి, నా చెయ్యి వెనక్కి తీసుకున్నాకే వాళ్లను తీసుకోమంటాను. మా ఎనిమిదేళ్ల వాడికి నేను నేర్పిన మొదటి పాఠం అదే. వాడింకా చాకు తెరవలేదు, బల్ల మీద పెట్టడం మాత్రం వచ్చింది.