పదిన్నరకి భోజనం, పదకొండున్నరకి మంట

గుంటూరులో గుండెల్లో మంట అనగానే ముందు తిట్లు తినేది మిరపకాయే. ఎండుమిర్చి యార్డు ఊళ్లోనే ఉంది కాబట్టి అనుమానం అటే పోతుంది. కారానికి ఇందులో వాటా ఉంది, కాదనలేం. కానీ ఆమ్లాన్ని కడుపులోంచి పైకి తెచ్చేది చాలావరకు మనం తినే మోతాదు, వేసే నూనె, తినే వేళ.

అన్నవాహిక కడుపుతో కలిసేచోట ఒక కండర వలయం ఉంటుంది. ముద్ద మింగితే తెరుచుకుని, దిగాక బిగుసుకుంటుంది. కడుపు ఉబ్బితే లోపలి గాలి బయటికి పోవడానికి, మనం మింగకపోయినా, ఆ వలయం కొన్ని సెకన్లు వదులవుతుంది. తేన్పు వచ్చేది అలాగే. గాలి వెంట ఆమ్లం కూడా ఎగదన్నితే రొమ్ము ఎముక వెనక మంట, గొంతులో పులుపు. కడుపు గోడకి మందపాటి జిగురు పొర రక్షణగా ఉంటుంది, అన్నవాహికకి అంత రక్షణ లేదు.

ఇక కారం సంగతి. మిరపలో ఘాటునిచ్చే క్యాప్సైసిన్‌కి స్పందించే గ్రాహకం మన నరాల చివర ఉంటుంది, పేరు టీఆర్‌పీవీ1. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం దాన్ని 1997లో గుర్తించింది. ఆయనకి 2021లో నోబెల్ దక్కడానికి అదీ కారణం. ఆ గ్రాహకమే వేడికీ, ఆమ్లానికీ కూడా స్పందిస్తుంది. అందుకే అసలే ఆమ్లంతో ఒరుసుకుపోయిన అన్నవాహిక మీద కారం పడితే మంట రెట్టింపు తెలుస్తుంది. మంట లేనివాళ్లు కారం మానాల్సిన పనిలేదు. ఉన్నవాళ్లు తగ్గించాలంటే మిరపకాయని నిలువుగా చీల్చి, గింజలు అంటుకుని ఉండే తెల్లటి కండని గీకేయాలి. ఘాటు ఎక్కువగా ఉండేది అందులోనే, గింజల్లో కాదు.

సాయంత్రం బండి దగ్గర మిరపకాయ బజ్జీ చూడండి. శనగపిండి పూత నూనె పీలుస్తుంది, పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు, నిమ్మరసం. కొవ్వు పేగుల్లోకి చేరగానే వెలువడే హార్మోన్లు కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మదింపజేస్తాయి, వలయం బిగువునీ తగ్గిస్తాయి. పచ్చి ఉల్లి కొందరికి తేన్పులు పెంచుతుంది. ఆపైన ‘అరుగుతుంది’ అని ఒక గోలీ సోడా! దాని గాలి కడుపుని ఇంకా ఉబ్బిస్తుంది, వలయం మళ్లీ వదులవుతుంది. తేన్పు వస్తే హాయిగా ఉండేమాట నిజమే, కానీ దాని వెంట ఏం వస్తుందో కూడా చూసుకోవాలి. బజ్జీలు రెండింటితో ఆపి, సోడా మానేస్తే చాలామందికి తేడా తెలుస్తుంది.

అన్నిటికంటే గట్టి దెబ్బ వేళది. విజయవాడ బీసెంట్ రోడ్డులో కొట్టు కట్టేసి ఇల్లు చేరేసరికి పది. పదిన్నరకి పప్పు, నెయ్యి, వేపుడు, ఆవకాయతో కడుపునిండా భోజనం, పదకొండుకి పడక. మామూలు భోజనంలో సగం కడుపు దాటడానికే రెండు, మూడు గంటలు పడుతుంది, నూనె ఎక్కువైతే ఇంకా ఆలస్యం. పడుకున్నాక ఆమ్లాన్ని కిందికి దింపే భూమ్యాకర్షణ సాయం ఉండదు. నిద్రలో లాలాజలమూ, మింగడమూ తగ్గుతాయి కాబట్టి పైకొచ్చిన ఆమ్లం అక్కడే నిలుస్తుంది. భోజనానికీ పడకకీ మధ్య మూడు గంటలు ఉండాలనేది ఇందుకే.

ఇంటికి చేరే వేళ మార్చలేనివాళ్లకి మార్గం ఒకటుంది. అసలు భోజనం ఏడింటికి కొట్లోనే కానివ్వాలి: మూడు పుల్కాలు, తక్కువ నూనెతో బీరకాయో సొరకాయో కూర. ఇంటికొచ్చాక ఆకలేస్తే అరకప్పు మజ్జిగన్నం, అంతే. గోంగూర, ఆవకాయ మధ్యాహ్నానికి మార్చుకోండి. అదీ పైన తేలిన నూనె వంచేసి, ఒక చెంచాతో సరి. పడుకునేముందు గ్లాసుడు పాలు కాసేపు చల్లగా అనిపించినా, వాటిలోని మాంసకృత్తులు, కాల్షియం మళ్లీ ఆమ్లాన్ని ఊరిస్తాయి.

మంచం తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పడుకోబెట్టి పెడితే ఆరంగుళాల ఎత్తు వస్తుంది. దిండు మీద దిండు వేస్తే నడుం దగ్గర మడతపడి కడుపు మీద ఒత్తిడి పెరుగుతుంది, అది వద్దు. ఎడమవైపు తిరిగి పడుకుంటే కడుపు సంచీ కిందికీ, వలయం పైకీ ఉంటాయి. పొగాకు, బిగుతు బెల్టు, పెరిగిన పొట్ట, ఇవన్నీ మంటకి తోడే.

గ్యాస్ బిళ్లల విషయంలో జరిగే పొరపాటు వేసుకునే వేళలోనే. ప్యాంటోప్రజోల్ లాంటివి డాక్టరు రాస్తే టిఫినుకి అరగంట ముందు వేసుకోవాలి, ఎందుకంటే తిండి పడగానే పనిలోకి దిగే ఆమ్ల పంపుల్నే అవి ఆపుతాయి. మంట పుట్టాక వేసుకుంటే అప్పటికప్పుడు తగ్గదు. వెంటనే ఉపశమనానికి తాగే ఈనోలో సోడియం ఎక్కువ, బీపీ ఉన్నవాళ్లు దానికి అలవాటు పడకూడదు.

ఛాతీ నొక్కేసినట్టుండి నొప్పి దవడకో భుజానికో పాకినా, చెమటలు, ఆయాసం వచ్చినా గ్యాసేలే అనుకుంటూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. ముద్ద అడ్డుపడటం, నల్లటి విరేచనం, నెత్తుటి వాంతి, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే పత్యంతో కాలం గడపకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇవేవీ లేకపోతే రెండు వారాలు వేళ, మోతాదు, నూనె ఈ మూడూ సరిచేసి చూడండి. తగ్గాక మానేసినవి ఒక్కొక్కటీ మూడేసి రోజుల తేడాతో, మధ్యాహ్నం పూట తిరిగి మొదలుపెట్టి, మంట వచ్చిన రోజు ఏం తిన్నారో, ఎన్నింటికి తిన్నారో రాసుకోండి. ఒకరికి పడని టమాటా మరొకరికి పడుతుంది. అందరికీ ఒకే జాబితా పనికిరాదు.