హెక్సేన్‌ని బెంజీన్ చేయడం ఎందుకంత కష్టం?

నాఫ్తాలో హెక్సేన్ అంత మొండి అణువు ఇంకోటి లేదనిపిస్తుంది. ముడిచమురులో దాదాపు 200 డిగ్రీల లోపు మరిగే ఈ తేలిక భాగం నుంచి 6 కార్బన్ల వలయమున్న బెంజీన్, టోలుయీన్, జైలీన్ తీయడానికి రిఫైనరీలు 1949 నుంచీ అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) మీద పరిచిన ప్లాటినాన్ని ఉత్ప్రేరకంగా, 500 డిగ్రీల వేడిలో వాడుతున్నాయి. ముందే వలయంగా ఉన్న సైక్లోహెక్సేన్ అయితే 3 హైడ్రోజన్ అణువుల్ని వదిలేసి ఇట్టే బెంజీన్ అయిపోతుంది. హెక్సేన్ మాత్రం 6 కార్బన్ల గొలుసు, అది ముడుచుకుని వలయం కావాలి, 4 హైడ్రోజన్ అణువుల్ని వదులుకోవాలి, ఈలోపే అల్యూమినాకున్న ఆమ్లగుణం దాన్ని విరగ్గొట్టి చిన్న గ్యాసులుగా మార్చేస్తుంది.

1980 ప్రాంతంలో దీనికి దారి చూపించింది ఎల్ రకం జియోలైట్. జియోలైట్ అంటే సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ అల్లుకున్న స్ఫటికం, లోపలంతా అణువులు దూరేంత సన్నటి సొరంగాలు. ఎల్ రకంలో వాటి వెడల్పు సుమారు 0.7 నానోమీటర్లు. పొటాషియం చేర్చి ఆమ్లగుణాన్ని చంపేసి లోపల ప్లాటినం పెడితే హెక్సేన్ విరగకుండా బెంజీన్ అవుతుంది. సొరంగమే గొలుసును వంచుతుందని కొందరన్నారు, ఇరుకులో ప్లాటినం మీద బొగ్గు పేరుకోకపోవడమే కారణమని ఇంకొందరు. నాకు రెండో మాటే సరైందనిపిస్తుంది, ఎందుకంటే సొరంగాలు లేని సిలికా మీద కూడా ప్లాటినం మొదట్లో దాదాపు ఇలాగే పనిచేసి, తర్వాత తొందరగా చతికిలపడుతుంది. అయితే దీనికి సల్ఫర్ అస్సలు పడదు, వంద కోట్ల పాళ్లలో కొన్ని పాళ్లున్నా పాడైపోతుంది.

1972లో మొబిల్ చమురు కంపెనీ పేటెంట్ పొందిన జెడ్‌ఎస్‌ఎం-5 అనే ఇంకో జియోలైట్ దారి పూర్తిగా వేరు. అక్కడ పనిచేసేదే ఆమ్లగుణం. గొలుసుల్ని చిన్న ఒలిఫిన్లుగా, అంటే కార్బన్ల మధ్య జంట బంధమున్న అణువులుగా విరిచి, మళ్లీ వాటినే వలయాలుగా అతికిస్తుంది. చిక్కేంటంటే వదిలిన హైడ్రోజన్‌ని పక్కనున్న ఒలిఫిన్లు లాక్కుంటాయి, ఒక్కో వలయం తయారయ్యేలోపు 3 అణువులు ప్రొపేన్ లాంటి గ్యాసులైపోతాయి. గాలియం గానీ జింక్ గానీ కలిపేది అందుకే, అప్పుడు హైడ్రోజన్ వాయువుగా బయటికి వెళ్లిపోతుంది.

జైలీన్‌లో పారా, ఆర్థో, మెటా అని మూడు రకాలున్నాయి, పాలిస్టర్‌కి కావాల్సిన పారాజైలీన్ దగ్గర ఈ రంధ్రాల అసలు సత్తా తెలుస్తుంది. జెడ్‌ఎస్‌ఎం-5 సొరంగం సుమారు 0.55 నానోమీటర్లే, సన్నగా ఉండే పారా సులువుగా జారిపోతుంది, ఆర్థో, మెటా లోపలే తచ్చాడుతూ పారాగా మారాక గానీ బయటపడవు. కానీ బయటికొచ్చిన పారా స్ఫటికం పైభాగంలోని ఆమ్లస్థానాలకు తగిలిందంటే మళ్లీ మూడు రకాలుగా కలగాపులగమైపోతుంది, అందుకే స్ఫటికం పైన పలచటి సిలికా పూత వేసి ఆ స్థానాల్ని కప్పేస్తారు.